ఎడమకాలి బంగారు బూటు

యూరప్ ఫుట్‌బాల్ లీగుల్లో ఏడాది మొత్తం మీద అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడికి బంగారు బూటు ఒకటి బహుమానంగా ఇస్తారు. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడల్లా మా సిమ్మాచలం మావ కుర్చీలోంచి లేచి, టీవీ కట్టేసి, వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తాగి వచ్చేవాడు. దాహం వేయకపోయినా తాగేవాడు. ఫుట్‌బాల్ అంటే ఆయనకి ప్రాణం. ఏ దేశం ఆడినా, ఎవరు ఓడినా చూసేవాడు, చూస్తున్నంతసేపూ ఆడేవాళ్ళని తిట్టేవాడు. ఆ బూటు మాత్రం ఆయన కంటపడకూడదు. కారణం మా చుట్టాలందరికీ తెలుసు. ఎవరికైనా తెలియకపోతే నేనున్నాను కదా. పెళ్ళిళ్ళలో పప్పు వడ్డించేటప్పుడు మొదలుపెట్టి పాయసం వచ్చేసరికి ముగించేదాన్ని. అంత శ్రద్ధగా చెప్పడానికి కారణం ఒక్కటే. ఆ కథలో నిజం చెప్పిన మనిషిని నేను.

మావ పోయి ఏడాదైంది. ఏడాది కర్మకి మా మలయ్ దేశంలోనే, ఇపో ఊళ్ళో అత్త ఇంటికి వెళ్ళాను. మావ కొడుకు దినేష్ సైబర్‌జయ నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. అక్కడ కంప్యూటర్ కంపెనీలో ఏదో పెద్ద పని. ఏం పనో నాలుగుసార్లు చెప్పాడు, నాలుగుసార్లూ నాకు అర్థమైనట్టు తలూపాను. వరసకి నాకు మరిది, వయసుకి కొడుకు లాంటివాడు. పంతులు ఒకవైపు మంత్రాలు చదువుతుంటే వీడు ఒళ్ళో ఫోను పెట్టుకుని, "వదినా, ఈ ఏడు బూటు ఎవుడికొచ్చిందో చూసినావా" అన్నాడు. పక్కన కూర్చున్న వాడి పెళ్ళాం తరఫు వాళ్ళు ఏ బూటని అడిగారు. భోజనాలు మొదలయ్యాయి. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో అత్త సాంబారు గరిటె పట్టుకుని వచ్చి నా ఆకు ముందు నిలబడి, "ఈ ఒక్క రోజన్నా ఆపవే రవణా. ఆ మనిసి పొటో కాడ ఇంకా పూలైనా వాడలేదు" అంది. నలభై ఏళ్ళకి పైగా నేనా కథ చెబుతుంటే ఒక్కసారి కూడా అడ్డం పడని మనిషి. ఆకు మీద సాంబారు పారుతున్నా నాకు అన్నం కలపాలని తోచలేదు.

ఇన్నేళ్ళూ నేను చెప్పుకొచ్చిన కథ ఏమిటో ముందు చెబుతాను.

అప్పుడు మేం తెలుక్ ఇంటాన్ పట్నానికి దిగువన, నది దగ్గర ఒక పామాయిలు తోటలో ఉండేవాళ్ళం. తోట అన్నానని పూలూ పళ్ళూ ఊహించుకోకండి. కంపెనీవాళ్ళ ఎస్టేటుని మేం అలాగే అంటాం. చెక్క గోడలు, రేకు కప్పు, ఒకదాన్నొకటి ఆనుకుని బండి పెట్టెల్లా వరసగా ఇళ్ళు. ఈ కొస ఇంట్లో తాలింపు వేస్తే ఆ కొస ఇంట్లో తుమ్మేవారు. మిల్లు నడుస్తున్న రోజుల్లో ఉడికిన పామాయిలు గెలల వాసన, వేడి వేడిగా, తియ్యగా, కొంచెం కుళ్ళుగా ఊరంతా పట్టేసేది. అన్నంలో అదే, తలగడలో అదే. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది, అది ఎవరికీ చెప్పుకోదగ్గ విషయం కాదు. మా ఇంట్లో నాన్న, అమ్మ, నేను, అమ్మమ్మ, ఆవిడ ఆఖరి కొడుకు సిమ్మాచలం మావ. నాన్న తోట ఆఫీసులో గుమాస్తా. అమ్మమ్మ పని అందరినీ కనిపెట్టి ఉండడం. పొద్దున్నే గుమ్మంలో పీట వేసుకుని, చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. విజయనగరం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన ఆవిడ తల్లి వెంట తెచ్చుకున్న విద్య అది. నోట్లో నిప్పు పెట్టుకుని కూడా మనుషుల్ని తిట్టగలిగిన ఆడమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మావ మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. అందగాడు. ఆ సంగతి మా అందరికన్నా ముందు ఆయనకే తెలుసు. పని నుంచి రాగానే మూడు బక్కెట్ల నీళ్ళతో స్నానం, తలకి కొబ్బరినూనె, మెడ దాకా పౌడరు, తర్వాత తలుపుకి తగిలించిన అరచేతంత అద్దంలో తనని తాను ముక్కలు ముక్కలుగా చూసుకోవడం. ఆదివారం ఆట ఉందంటే శనివారం నుంచే బొగ్గుల పెట్టెతో నిక్కరుకి ఇస్త్రీ. "పెళ్ళిసూపులకి ఆడపిల్ల కూడా ఇంతసేపు సెయ్యదురా" అనేది అమ్మ. ఆట రోజున మా ఇంట్లో చేపల పులుసు వండినా ఆయనకి మాత్రం ఒక పచ్చి గుడ్డూ అల్లం కాఫీయే. కడుపు నిండితే కాలు లేవదని అమ్మమ్మ సిద్ధాంతం. ఆయన ఆ గుడ్డు మింగుతూ మా పళ్ళేల వైపు చూసే చూపు గుర్తొస్తే ఇప్పటికీ జాలేస్తుంది, నవ్వూ వస్తుంది.

మా చుట్టుపక్కల ఆరు తోటలకీ కలిపి ఒక ఫుట్‌బాల్ లీగు ఉండేది. దాని కార్యదర్శి మా నాన్న. ఎవరెన్ని గోల్స్ కొట్టారో రాసే పని నాది. నాకు పదమూడేళ్ళు, చేతిరాత బాగుంటుంది, పైగా ఏ జట్టు మీదా నాకు ప్రేమ లేదు. గోల్ పడగానే పేరు పక్కన ఒక గీత. అంతే. ఆటగాళ్ళు పెద్ద పెద్ద మనుషులు, ఆట అయ్యాక చెమట్లు కక్కుకుంటూ నా దగ్గరకొచ్చి, "అమ్మా, నాది రాసినావా" అని మెత్తగా అడిగేవారు. ఆ వయసులో అంతటి అధికారం చేతికొస్తే ఎవరైనా చెడిపోతారు. నేనూ చెడిపోయాను.

ఆఫీసుకి వచ్చే ఇంగ్లీషు పేపరు మేనేజరు దొర చదివాక, మర్నాడు నాన్నతో ఇంటికొచ్చేది. నాన్న దాన్ని తెలుగు చేసి పైకి చదివేవాడు. అలా ఒకరోజు బంగారు బూటు వార్త చదివాడు. యూరప్‌లో అన్ని దేశాల లీగులూ కలిపి ఎక్కువ గోళ్ళు కొట్టినవాడికి ఇస్తారట అన్నాడు. అమ్మమ్మ నోట్లోంచి చుట్ట తీసి, "గోళ్ళు ఎక్కువున్నోడికి బూటిస్తారేటి. కప్పుకోడానికా" అంది. నాన్న నవ్వలేదు. ఆయన అప్పటికే ఆలోచనలో పడిపోయాడు. వారం తిరిగేసరికి మా లీగుకీ ఒక బంగారు బూటు తయారైంది. దొర పారేసిన పాత తోలు బూటు ఒకటి, అమ్మవారి గోపురానికి వేయగా మిగిలిన బంగారు రంగు. ఎడమకాలి బూటు మాత్రమే దొరికింది, కుడిదాన్ని ఎలకలు తినేశాయి. రంగు ఆరాక అది మా ఇంట్లో అద్దం కింద గూట్లో కూర్చుంది. మావ తల దువ్వుకుంటూ దాన్ని చూసేవాడు, దాన్ని చూస్తూ తల దువ్వుకునేవాడు.

ఆ ఏడు మావకి పోటీ వచ్చినవాడు పక్క తోట పైడిరాజు. గోల్ కొట్టాక నవ్వడు, ఎగరడు. వంగి నేలని తాకి, చేతిని కళ్ళకద్దుకుని వెనక్కి వెళ్ళిపోతాడు. అంత వినయం చూస్తే మావకి ఒళ్ళు మండేది. "గోలు కొట్టి ఏడుపు మొగం ఏటి ఆడికి. మరెందుకు కొట్టినాడు" అనేవాడు. పైడిరాజు ఆటలన్నీ అయిపోయేసరికి నా పుస్తకంలో అతని పేరు పక్కన ఇరవై ఎనిమిది గీతలు. మావకి ఇరవై అయిదు, చేతిలో ఒక్క ఆట.

ఆ ఆఖరి ఆట నదిని ఆనుకున్న ఇంకో తోట జట్టు మీద. వాళ్ళ గోల్ కీపరు మునియాండి. తమిళవాడు, వాళ్ళ తోట లారీ డ్రైవరు. రోజూ పొద్దున్న మా తోటల్లో హైస్కూలు పిల్లలందరినీ లారీలో ఎక్కించుకుని తెలుక్ ఇంటాన్ బడికి తీసుకెళ్ళేది అతనే. డ్రైవరన్న అనేవాళ్ళం. ఆరు మైళ్ళ దారి గంటసేపు పట్టేది. రోడ్డు మీద కోడి కనిపిస్తే ఆ కోడి ఏ పక్కకి పోవాలో తీరిగ్గా ఆలోచించుకునేంత నెమ్మది. మా తల్లులందరూ అతన్ని మెచ్చుకునేవారు. జాగ్రత్త గల మనిషి అనేవారు. అతని చెల్లెలు లెచ్చుమి అదే తోటలో నర్సరీ మొక్కలకి నీళ్ళు పోసే పని చేసేది.

ఆట మొదలయ్యేముందు నేను నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ట్యాంకు వెనక మావ, లెచ్చుమి, కొంచెం దూరంగా మునియాండి. లెచ్చుమి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మావ తలూపుతున్నాడు. నన్ను చూడగానే ముగ్గురూ నోరు మూసుకున్నారు. "ఏటే, బూకు తీసుకుని పో" అన్నాడు మావ.

ఆట మొదలైంది. మావ గోల్‌కి చాలా దూరంలో బంతి అందుకున్నాడు, అక్కడి నుంచే తన్నాడు. పడింది. ఇంకొకటి, ఇంకా దూరం నుంచి. పడింది. మునియాండి గుంజలా నిలబడ్డాడు. బంతి వలలో పడ్డాక, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి దూకేవాడు. నాలుగో గోల్‌కి మావ పైడిరాజుని దాటేశాడు. అయినా ఆగలేదు. అమ్మమ్మ చుట్ట పక్కన పెట్టి, "ఆడు గోలు కాసేవోడా, పెళ్ళి పందిట్లో నిలబడ్డ పెద్దమనిసా" అంది. లెచ్చుమి గోల్ వెనక నిలబడి తమిళంలో మావని తిడుతోంది, ఆయన వంశం మొత్తాన్ని పేరుపేరునా. నాటకమాడుతోంది అనుకున్నాను నేను. తొమ్మిది పడ్డాయి. తొమ్మిదీ దూరం నుంచే. ఇరవై అయిదూ తొమ్మిదీ ముప్పై నాలుగు. గీతలు గీయలేక నా పెన్సిలు మొన అరిగిపోయింది.

పైడిరాజు తోటవాళ్ళు ఊరుకోలేదు. తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా తోట చిన్నబడిలో విచారణ పెట్టారు. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆరుగురు కెప్టెన్లు, బల్ల వెనక నాన్న. మునియాండి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా అంతా తడిసిపోయింది. మావ పౌడరు రాసుకుని వచ్చాడు. నాన్న నన్ను పిలిచి పుస్తకం చూపించమన్నాడు. తర్వాత, "ఆట ముందర నువ్వేటైనా సూసినావా" అని అడిగాడు. చూశానని చెప్పాను. ట్యాంకు వెనక ముగ్గురూ మాట్లాడుకున్నారన్నాను. "ఏటి మాటాడుకున్నారు" అన్నాడు నాన్న. ఆరు జతల మీసాలు నా వైపే చూస్తున్నాయి. అంతమంది పెద్దవాళ్ళు నా మాట కోసం ఎదురుచూడడం నా జన్మలో అదే మొదలు. "గోళ్ళు వదిలేస్తే ఆల చెల్లిని పెళ్ళి సేసుకుంటానన్నాడు మావ" అన్నాను.

మావ నా వైపు చూశాడు. కోపం లేదు. లెక్క తప్పిన పిల్ల వైపు మేష్టరు చూసినట్టు చూశాడు. నాన్న మునియాండి వైపు తిరిగి, "నువ్వేటంటావు" అన్నాడు. మునియాండి నోరు తెరిచాడు. అతనింకా మాట అనకముందే మావ లేచి, "అది సెప్పింది నిజమే. మేం మాటాడుకున్నాం. తప్పు నాది" అన్నాడు.

తొమ్మిది గోల్సూ లెక్కలోంచి కొట్టేశారు. మావకి మళ్ళీ ఇరవై అయిదు. బూటు పైడిరాజుకి వెళ్ళింది. దాన్ని కూడా అతను కళ్ళకద్దుకునే తీసుకున్నాడు. మావని ఒక ఏడాది ఆడనివ్వలేదు. నాన్న నా తల నిమిరి, "నిజం సెప్పినావు" అన్నాడు. ఆ నిమిరిన చెయ్యి నన్ను చాలా దూరం తీసుకెళ్ళింది. పెద్దయ్యాక ఇపో కోర్టులో దుబాసీనయ్యాను. ముప్పై ఏళ్ళు తమిళం, తెలుగు, మలయ్ మాట్లాడే సాక్షుల మాటల్ని జడ్జీలకి చేరవేశాను. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి కూడా చెప్పేదాన్ని, నేను మొదటిసారి సాక్ష్యం చెప్పింది పదమూడో ఏట, సొంత మావ మీద అని. నాన్న మాత్రం అక్కడితో ఆగలేదు. చేతకాని జట్టు మీద కొట్టిన గోల్‌కి సగం విలువే అని మా లీగులో కొత్త నియమం పెట్టాడు. యూరప్ వాళ్ళకి ఆ తెలివి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు వాళ్ళూ పెద్ద లీగులో గోల్‌కి రెండు, చిన్న లీగులో గోల్‌కి ఒకటిన్నర, మరీ చిన్నదైతే ఒకటి అని పాయింట్లు వేస్తున్నారు. ఆ ఘనత మా నాన్నదని ఎవరూ ఒప్పుకోరు.

ఆరు నెలలు తిరక్కుండానే మావ లెచ్చుమిని పెళ్ళి చేసుకున్నాడు. అమ్మమ్మ మూడు రోజులు అన్నం మానేసి, నాలుగో రోజు కొత్త కోడలికి అడ్డపొగ నేర్పడం మొదలుపెట్టింది. నేను చెప్పింది నిజమేనని లోకానికి ఇంకేం రుజువు కావాలి. ఇన్నేళ్ళుగా కథ ఇక్కడే ఆపేదాన్ని. పెళ్ళి మాట నేను ట్యాంకు దగ్గర వినలేదని, ఆ బడిలో నిలబడి అల్లానని, అది మాత్రం చెప్పేదాన్ని కాదు. చెప్పగా చెప్పగా విన్నట్టే అనిపించేది నాకు. వాళ్ళ గొంతులు కూడా వినపడేవి.

చుట్టాలు వెళ్ళిపోయాక అత్త వంటింట్లో గిన్నెలు తోముతుంటే నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. పుట్టుకతో తమిళమైనా అత్త తెలుగంతా అమ్మమ్మ నేర్పిందే. ఈ దేశంలో అంత పాత తెలుగు మాట్లాడేవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు.

"ఆ రోజు ట్యాంకు ఎనక ఏటి సెప్పినాను తెలుసా నీ మావకి" అంది, తల ఎత్తకుండానే. "మా అన్నకి దూరం ఆనదు, బంతి వచ్చేది కనబడదు, కిందటి ఆటలో మొగాన తగిలి పన్ను ఊడిపోయింది. నువ్వు దగ్గరకొచ్చి మెల్లగా కొట్టుకో బాబూ, దూరం నించి తన్నకు అని బతిమాలినాను. సరేనన్నాడు."

"మావ తొమ్మిదీ దూరం నుంచే కొట్టాడు" అన్నాను.

"తొమ్మిదీ" అంది అత్త. "బంతి ఎక్కడినించి కనబడదో నానే సెప్పినాను కదా. ఆ బూటు పిచ్చి అలాటిది. అందుకే తిట్టినాను గోలు ఎనక నిలబడి. నువ్వు నాటకం అనుకున్నావు."

విచారణ రోజున మునియాండి ముందున్న దారులు రెండే. అమ్ముడుపోయానని ఒప్పుకోవాలి, లేదా కళ్ళు కనబడవని ఒప్పుకోవాలి. కళ్ళు కనబడవంటే లారీ పోతుంది. లారీ పోతే ఉంటున్న ఇల్లూ పోతుంది, అది డ్రైవరుకిచ్చే ఇల్లు. అతను నిజం చెప్పబోయాడట. ముందు మావ లేచాడు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఈ వారంలో తెలుక్ ఇంటాన్ వెళ్ళి కళ్ళద్దాలు వేయించుకోకపోతే తానే దొరకి చెబుతానన్నాడట. మునియాండి కళ్ళద్దాలతో రావడం నాకు గుర్తుంది. పేపరు చదవడానికి అన్నాడు మాతో. అతనికి చదువు రాదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆ తర్వాత బడికి అరగంటలో చేరేవాళ్ళం. అంతవరకూ నలభై మంది పిల్లల్ని కోడికీ మైలురాయికీ తేడా తెలియని మనిషి మోశాడు. అతన్నే మా తల్లులు జాగ్రత్త గల మనిషి అని మెచ్చుకున్నారు.

"మరి పెళ్ళి" అన్నాను. "ఆ మాట నేను…"

"కల్పించినావు. తెలుసు." అత్త గిన్నె బోర్లించింది. "ఆరు తోటల్లో నా పేరు పాడు సేసినావని నిన్ను కొట్టడానికి బయల్దేరినాను. దారిలో ఎదురొచ్చినాడు. ఏమన్నాడో ఇను. రవణ అంతమంది ముందర సెప్పేసింది. మనం పెళ్ళి సేసుకోకపోతే పిల్ల అబద్ధాలకోరు అయిపోద్ది, అన్నాడు. అదీ మీ మావ నన్ను అడిగిన పద్ధతి."

"నువ్వేమన్నావు?"

"ముందు మా అన్నకి కళ్ళద్దాలు రానీ అన్నాను."

గోడ మీద ఫొటోలో మావ తల దువ్వుకుని ఉన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన టీవీ కట్టేస్తే, దొరికిపోయిన సిగ్గు అనుకున్నాను. సిగ్గే, కాకపోతే దొరకని తప్పుకి. గుడ్డివాడని తెలిసి గుడ్డివాడి మీద తొమ్మిది గోల్స్ కొట్టిన సంగతి ఏ విచారణలోనూ బయటపడలేదు. ఇంత గర్వం గల మనిషి, అద్దం ముందు నుంచి లేపితే కోపం వచ్చే మనిషి, పెళ్ళి విందుల్లో నేను ఆయన్ని దొంగని చేసి చెబుతుంటే పక్క పంక్తిలో కూర్చుని మజ్జిగ తాగేవాడు. ఒక్కసారైనా నా మాట కాదనలేదు. "ఎందుకు చెప్పలేదత్తా నాకు, ఇన్నేళ్ళు" అన్నాను. "అడిగితే సెప్పమన్నాడు. నువ్వు సెప్పడమే గానీ అడగడం ఎప్పుడూ లేదు లా" అంది, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి. చనిపోయినవాళ్ళకి క్షమాపణ చెప్పుకోవడానికి మన వాళ్ళు పెట్టిన పద్ధతులన్నీ పొద్దున్నే పంతులు చేయించేశాడు. వాటిలో ఇది లేదు.

మునియాండి బతికే ఉన్నాడు. తెలుక్ ఇంటాన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆ వారంలోనే కారు వేసుకుని వెళ్ళాను. దారిలో మా తోట వైపు మళ్ళాను. వరస ఇళ్ళు లేవు. ఆ జాగాలో కూడా పామాయిలు చెట్లే వేశారు. గెలలు కోసేవాళ్ళు ఇప్పుడు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు, దారి అడిగితే నవ్వి చెయ్యి చూపించారు. ఆడుకున్న మైదానం ఎక్కడుండేదో తేల్చుకోలేకపోయాను. మా రోజుల్లో ఎన్ని గోల్సో తెలుసుకోవాలంటే పదమూడేళ్ళ పిల్లనొకదాన్ని బతిమాలుకోవాలి. ఇప్పుడు దినేష్ ఫోనులో ఏ ఆటగాడు ఏ కాలితో, ఎంత దూరం నుంచి, ఎన్నో నిమిషంలో కొట్టాడో అన్నీ ఉంటాయి. నా లాంటిదాని సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు. మంచిదే అనిపించింది. అయితే ఆ లెక్కల్లో కీపరుకి దూరం ఆనుతుందో లేదో ఇప్పటికీ రాయరు. దినేష్ పిల్లలకి నేను తెలుగులో ఏదైనా చెబితే అర్థం చేసుకుని ఇంగ్లీషులో జవాబిస్తారు. అమ్మమ్మ తిట్లు వాళ్ళ దాకా రాలేదు. ఒక విధంగా వాళ్ళు అదృష్టవంతులు, ఇంకో విధంగా వాళ్ళని చూస్తే జాలి.

మునియాండి వరండాలో రేడియో వింటూ కూర్చున్నాడు. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. నేను వచ్చిన పని ఒక్క ఊపిరిలో చెప్పేశాను, మధ్యలో ఆగితే మళ్ళీ అందంగా అల్లడం మొదలుపెడతానని భయం. అబద్ధం చెప్పాను, మీ చెల్లిని అల్లరి పెట్టాను, మిమ్మల్ని అమ్ముడుపోయిన మనిషిని చేశాను, క్షమించండి డ్రైవరన్నా అన్నాను.

ఆయన రేడియో కట్టేశాడు. తమిళం, తెలుగు కలిపి, నెమ్మదిగా, లారీ నడిపిన తీరులోనే మాట్లాడాడు. "నువ్వు మొత్తం అబద్ధం చెప్పలేదు లా పాపా. తొమ్మిదిలో ఏడు నాకు కనబడలేదు. రెండు కనబడ్డాయి."

"అంటే?"

"వదిలేశాను."

ఆయన కూతురు తెచ్చిన కాఫీ నా చేతిలోనే చల్లారింది. "ఎందుకు" అన్నాను. జీవితంలో నాకు నేనుగా అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

"లెచ్చుమి నా వెనకే నిలబడి తిడుతోంది కదా. అది ఊళ్ళో ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. పరాయివాణ్ణి అలా తిట్టదు. వినగా వినగా నాకు తెలిసిపోయింది. ఇంక వాడు నాకు మచ్చానే అనుకున్నాను." తమిళంలో బావని మచ్చాన్ అంటారు. "మచ్చాన్ ఆశపడుతున్నాడు కదా అని, కనబడినవి రెండూ వదిలేశాను."

"ఈ సంగతి మావకి తెలుసా?"

"చెప్పలేదు. చెబితే ఏడు గోల్సే తనవని ఏడ్చేవాడు."

బయటికొచ్చి కార్లో కూర్చుని అత్తకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను, ఈసారి ఒక్క మాట కూడా కలపకుండా. తర్వాత అత్త గొంతు వినపడింది, మునుపెన్నడూ నాతో మాట్లాడనంత మెల్లగా.

"ఆ రెండు గోళ్ళూ ఏయో, నాను ఏటని తిట్టినప్పుడు వదిలినాడో అడిగినావా?"

"లేదు" అన్నాను.

"మరేటికి ఎల్లినావే అంత దూరం" అంది.